గుయర్ రైలు, నా అబ్జెక్షన్

మా బావమరిది దంపతులు పోయిన వేసవిలో ఒక టూర్ కంపెనీతో యూరప్ వెళ్ళి వచ్చారు. ఫోన్ నిండా ఫొటోలు. అందులో సగానికి సగం మంచు. ఆ మంచు ఫొటోలన్నీ స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రౌ అనే శిఖరం పక్కన, సముద్రమట్టానికి 3,454 మీటర్ల ఎత్తున ఉన్న రైల్వే స్టేషన్ దగ్గర తీసినవి. యూరప్‌లో అంతకంటే ఎత్తున ఇంకో రైల్వే స్టేషన్ లేదు. యుంగ్‌ఫ్రౌ అంటే జర్మన్‌లో కన్య అని అర్థం. మా వాడు దాన్ని "జంగ్ ఫ్రూ" అంటాడు. టూరులో అందరూ అలాగే అన్నారట, కనుక నేను దిద్దలేదు.

ఫొటోలతో పాటు గైడు చెప్పిన కథ కూడా మోసుకొచ్చాడు. ఒక మిల్లు యజమాని ఒక ఆదివారం కూతురితో కొండల్లో నడుస్తున్నాడట. ఎదురుగా యుంగ్‌ఫ్రౌ ఎండలో మెరిసిందట. అంతే, కొండ లోపలినుంచి పైకి వెళ్ళే రైలు కళ్ళకు కట్టినట్టు కనిపించిందట. ఆ రాత్రే హోటల్ గదిలో కూర్చుని దారంతా గీసిపారేశాడట.

"చూశారా బావగారూ, అలాంటివాళ్ళకి పైనుంచే తడుతుంది. మీ సంఘం వాళ్ళలా లెక్కలేసుకుంటూ కూర్చుంటే ఆ రైలు వచ్చేదా?" అన్నాడు.

లెక్కలేసుకుంటూ కూర్చోవడం నా వృత్తి. రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఆరేళ్ళు చేసిందల్లా అదే. కొంచెం ఉడుక్కున్నాను. ఆ మిల్లు యజమాని ఎవరో చూద్దామని మొదలుపెట్టి నెల రోజులు చదివాను. చదివింది మా సంఘం సమావేశంలో కొంత చెప్పాను. అక్కడ చెప్పలేకపోయింది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు అడాల్ఫ్ గుయర్. 1839 మే 1న జూరిచ్ కాంటన్‌లో (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) బేరెట్స్‌విల్ దగ్గర నోయ్‌తాల్ అనే చిన్న లోయలో పుట్టాడు. తండ్రిది నూలు మిల్లు. 1869లో అన్నా విల్‌హెల్మినే జెల్లర్‌ను పెళ్ళి చేసుకున్నాడు. అక్కడి ఆచారం ప్రకారం భార్య ఇంటిపేరు తన పేరు వెనక తగిలించుకుని గుయర్-జెల్లర్ అయ్యాడు. మగవాడు భార్య ఇంటిపేరు పెట్టుకునే ఆచారం విని మా సంఘంలో ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మిల్లు నడిపాడు, జూరిచ్‌లో బట్టల ఎగుమతి వ్యాపారం పెట్టాడు, చాలా దేశాలు తిరిగాడు, జూరిచ్ కాంటన్ శాసనసభలో సభ్యుడుగా ఉన్నాడు. తన ఊరి చుట్టూ ఉన్న కొండల్లో మెట్లు, చెక్క వంతెనలు కట్టించి నడకదారులు వేయించాడు. ఆ దారులు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉన్నాయి.

ఇక ఆ దర్శనం సంగతి. కథ పూర్తిగా అబద్ధం కాదు. 1893 ఆగస్టు 27 ఆదివారమే. కూతురితో షిల్ట్‌హార్న్ వైపు కొండల్లో నడిచిన మాట నిజం. ఆ రాత్రి మ్యూరెన్ అనే ఊళ్ళో హోటల్ గదిలో గీసిన స్కెచ్ కూడా ఉంది, దాని మీద తేదీ ఉంది. లేనిదల్లా ఆ "పైనుంచి తట్టడం" ఒక్కటే.

ఎందుకంటే యుంగ్‌ఫ్రౌకి రైలు వేయాలన్న ఆలోచన అప్పటికి నాలుగేళ్ళ పాతది. 1889 నుంచే ఇంజనీర్లు అనుమతి కోసం దరఖాస్తులు పెడుతున్నారు. ఒకాయన మోరిస్ కెక్లాన్. ఈఫిల్ టవర్ మొదటి నమూనా గీసినవాళ్ళలో ఒకడు. ఇంకొకాయన ట్రౌట్‌వైలర్. మూడో ఆయన ఎడ్వర్డ్ లోఖర్. పిలాటస్ కొండ మీదికి నిటారు రైలు వేసి పేరు తెచ్చుకున్నవాడు. ఈయన యుంగ్‌ఫ్రౌకి గాలి ఒత్తిడితో గొట్టంలో పెట్టెలను పైకి తోసే పద్ధతి ప్రతిపాదించాడు. 1891లో కెక్లాన్‌కు అనుమతి కూడా వచ్చింది. పని మాత్రం మొదలు కాలేదు, డబ్బు పుట్టలేదు. వీళ్ళందరూ లోయ అడుగునుంచి పైదాకా మొత్తం దారి తామే వేయాలనుకున్నారు.

గుయర్ కొండల్లో నడవడానికి సరిగ్గా రెండు నెలల ముందు, 1893 జూన్‌లో, వెంగెర్నాల్ప్ రైలు మొదలైంది. అది లోయనుంచి క్లైనె షైడెగ్ అనే కనుమ దాకా, 2,000 మీటర్ల పై ఎత్తుకు, జనాన్ని తీసుకొచ్చి దించేస్తోంది. గుయర్ చేసిన పనల్లా తన రైలును ఆ స్టేషన్ నుంచి మొదలుపెట్టడం. కింది సగం ఖర్చు ఇంకొకడు అప్పటికే పెట్టేశాడు. పై సగం తనది. అది కూడా ఒకేసారి కాదు, ముక్కలు ముక్కలుగా. ఒక ముక్క పూర్తయితే స్టేషన్ తెరిచి టిక్కెట్లు అమ్మాలి, ఆ రాబడి వస్తుండగా పై ముక్క తవ్వాలి. ఐగర్ కొండ కడుపులో కిటికీ పెట్టి మధ్యలో స్టేషన్లు పెట్టింది అందుకే. మా వాడు దర్శనం అన్నది, నా లెక్కల పుస్తకంలో పెట్టుబడి తగ్గించి దశలవారీగా రాబడి తెచ్చుకునే పద్ధతి. స్కెచ్ రాత్రి గీసి ఉండవచ్చు. దానికి కావలసిన కాగితాలు ముందే ఆయన తలలో ఫైలయి ఉన్నాయి.

ఈ మనిషి లెక్కల మనిషి అని అంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, అదే సంవత్సరాల్లో ఆయన ఇంకో ఆట ఆడుతున్నాడు. నార్డోస్ట్‌బాన్ అని జూరిచ్ కేంద్రంగా నడిచే పెద్ద ప్రైవేటు రైల్వే ఉండేది. దాని షేర్లు కొనుక్కుంటూ పోయి 1894 నాటికి పెత్తనం చేతికి తెచ్చుకున్నాడు. అప్పటికే స్విస్ ఫెడరల్ ప్రభుత్వం ప్రైవేటు రైళ్ళను కొనేస్తుందన్న మాట గట్టిగా వినిపిస్తోంది. కొనుగోలు ధర ఎలా కట్టాలో అనుమతి పత్రాల్లోనే రాసి ఉంది: గత పదేళ్ళ సగటు నికర ఆదాయానికి 25 రెట్లు.

కామర్స్ చదివినవాళ్ళకు ఇక్కడ నోరూరుతుంది. నికర ఆదాయం అంటే ఏమిటి? పట్టాలు అరుగుతాయి, ఇంజన్లు పాతబడతాయి. ఆ తరుగుదల ఏటా లక్ష ఫ్రాంకులు తక్కువ రాశారనుకోండి, నికర ఆదాయం లక్ష పెరుగుతుంది, ప్రభుత్వం ఇవ్వాల్సిన ధర 25 లక్షలు పెరుగుతుంది. అరిగిపోయిన పట్టాలను కొత్తవాటి లెక్కలో ప్రజలకు అంటగట్టవచ్చు. ప్రభుత్వం ఊరుకోలేదు. 1895లో షేర్‌హోల్డర్ల ఓటింగు మీద ఒక చట్టం, 1896లో రైల్వేలు లెక్కలు ఎలా రాయాలో చెప్పే ఇంకో చట్టం తెచ్చింది. ఈ రెండో చట్టాన్ని 1896 అక్టోబర్ 4న దేశమంతా ఓటింగుకు పెట్టి జనం ఆమోదించారు. అకౌంటింగ్ చట్టం మీద ప్రజాభిప్రాయ సేకరణ! మన దగ్గర డిప్రిసియేషన్ మీద ఓటింగ్ పెడితే బూత్‌లో సిబ్బంది ఈగలు తోలుకోవాల్సిందే. 1897 మార్చిలో జీతాల విషయమై నార్డోస్ట్‌బాన్ ఉద్యోగులు సమ్మె కట్టి రైళ్ళన్నీ ఆపేశారు. ఫెడరల్ ప్రభుత్వం మధ్యలోకి వచ్చి సర్దాల్సి వచ్చింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో రైళ్ళ జాతీయకరణ మీద ఓటు వేస్తే మూడింట రెండు వంతుల మంది సరే అన్నారు. ప్రైవేటు రైళ్ళ మీద జనానికి అంత కోపం రావడంలో గుయర్ వంతు కూడా కొంత ఉంది.

అంటే ఈయన దేవుడు పంపిన దూతా కాదు, పేదల పెన్నిధీ కాదు. గట్టి వ్యాపారి. మా బావమరిదికి ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే నా పగ తీరేది. కానీ అనుమతి పత్రం దగ్గరికి వచ్చేసరికి కథ నా మీదికి తిరిగింది.

యుంగ్‌ఫ్రౌ రైలుకు స్విస్ పార్లమెంటు అనుమతి ఇచ్చింది 1894 డిసెంబర్ 21న. ఆ వ్యవహారంలో నాకు నచ్చిన షరతులు రెండు. ఒకటి, రైలు కంపెనీ పైన ఒక శాస్త్ర పరిశోధన కేంద్రానికి కనీసం లక్ష ఫ్రాంకులు ఇవ్వాలి. రెండోది అంతకంటే ముఖ్యం. ఈ రైలు కట్టడం వల్ల గానీ నడపడం వల్ల గానీ మనుషుల ప్రాణానికి, ఆరోగ్యానికి అసాధారణమైన ప్రమాదం లేదని రుజువు చూపించాలి.

ఈ షరతు ఊరికే పెట్టింది కాదు. గుయర్ రైలును శిఖరం కిందిదాకా తీసుకెళ్ళి అక్కడినుంచి లిఫ్టులో కొనకు ఎక్కించాలనుకున్నాడు. శిఖరం 4,158 మీటర్లు. అంత ఎత్తున మనిషికి ఏమవుతుందో అప్పట్లో సరిగ్గా తెలియదు. 1875లో జెనిత్ అనే బెలూన్‌లో 8,000 మీటర్లు దాటి వెళ్ళిన ముగ్గురు ఫ్రెంచివాళ్ళలో ఇద్దరు చచ్చి దిగారు. 1891లో మోంట్ బ్లాంక్ మీద ఒక గుడిసెలో ఉండి ఎత్తు ప్రభావాన్ని గమనిద్దామనుకున్న యువ వైద్యుడు జాకొటే అక్కడే చనిపోయాడు. నడిచి ఎక్కేవాడికి మెల్లగా అలవాటు అవుతుంది. రైల్లో కూర్చున్న ముసలమ్మను రెండు గంటల్లో 4,000 మీటర్ల పైకి లాగితే? ప్రశ్న న్యాయమైనదే.

బెర్న్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రం చెప్పే హ్యూగో క్రోనెకర్ దీనికి పరీక్ష పెట్టాడు. పద్ధతి చూడండి ఎంత సాదాగా ఉందో. రైలు ఇంకా లేదు. రైలు చేసే పని ఏమిటి? మనిషిని కష్టపెట్టకుండా పైకి చేర్చడం. అయితే మనుషులను మోసుకెళ్దాం అన్నాడు. 1894 సెప్టెంబర్‌లో జెర్మాట్ నుంచి బ్రైట్‌హార్న్ కొండ మీద సుమారు 3,750 మీటర్ల ఎత్తుకు ఏడుగురిని కూలీల చేత మోయించాడు. పిల్లల వయసు నుంచి వృద్ధుల దాకా అన్ని వయసుల వాళ్ళూ ఉండేలా ఎంచుకున్నాడు. నాడి, ఊపిరి కొలిచాడు. కూర్చున్నంతసేపు ఎవరికీ ఏమీ కాలేదు. లేచి మంచులో నాలుగడుగులు వేస్తే మాత్రం నాడి ఉరికింది, ఆయాసం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని కష్టపెట్టకుండా అంత ఎత్తుకు తీసుకెళ్ళవచ్చు, పైన ఎక్కువసేపు ఉంచకూడదు, శ్రమ చేయనివ్వకూడదు అని తేల్చాడు.

ఇది చదివి మా సమావేశంలో నేను పొంగిపోయాను. చూశారా, దేవుడి మీద భారం వేయలేదు, కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టలేదు, ఒక అబ్జెక్షన్ రాశారు, దానికి ప్రయోగం చేసి జవాబు తెచ్చారు అన్నాను. మిత్రులు కూడా సంతోషించారు. ఇంటికి వచ్చి రాత్రి పడుకున్నాక ఒక సంగతి గుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆ ఏడుగురిని మోసినవాళ్ళ నాడి ఎవరైనా కొలిచారా? నేను చదివినంతలో ఆ ప్రస్తావనే లేదు.

షరతులో కట్టడం, నడపడం అని రెండు మాటలూ ఉన్నాయి. ప్రయోగం మాత్రం టిక్కెట్టు కొనుక్కుని కూర్చునేవాళ్ళ మీదే. తవ్వేవాడు కూర్చోడు. క్రోనెకర్ వద్దన్న శ్రమే అతని ఉద్యోగం.

పని 1896 జులైలో మొదలైంది. రెండేళ్ళకు మొదటి ముక్క తెరిచారు. 1899 ఫిబ్రవరిలో సొరంగంలో డైనమైట్ పేలి ఆరుగురు ఇటలీ కూలీలు చనిపోయారు. ఆ ఏడే కూలీల సమ్మె కూడా జరిగింది. ఏప్రిల్ 3న గుయర్ జూరిచ్‌లో చనిపోయాడు. తన రైలు కొండ కడుపులోకి దూరి పైకి పోవడం ఆయన చూడలేదు. వారసులు పని సాగించారు. 1908లో డైనమైట్ నిల్వ మొత్తం పేలింది. 1912 ఫిబ్రవరి 21న సొరంగం అవతలికి తేలింది, ఆగస్టు 1న స్టేషన్ తెరిచారు. ఏడేళ్ళనుకున్న పని పదహారేళ్ళు పట్టింది. డబ్బు చాలక శిఖరం దాకా వెళ్ళకుండా కింద ఉన్న కనుమ దగ్గరే ఆపేశారు. 9 కిలోమీటర్ల చిల్లర దారి, అందులో 7 కిలోమీటర్ల పైన సొరంగం. మొత్తం మీద చనిపోయిన కూలీలు 30 మంది, ఎక్కువమంది ఇటలీ వాళ్ళు.

ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. ఆ ముప్పై మందిలో పేరుపడ్డ మరణాలు పేలుళ్ళవి, ఎత్తువల్ల వచ్చినవి కావు. ఎత్తు గురించి అడిగారు కనుక దానికి రుజువు వచ్చింది. డైనమైట్ గురించి అంత పట్టుదలగా ఎవరూ అడగలేదు. డైనమైట్ పేలితే చస్తారని చెప్పడానికి ప్రొఫెసర్ అక్కర్లేదు కదా, అందుకేనేమో.

నా సంగతి చెబుతాను. 1980ల నడుమ ఉత్తరాది కొండల్లో ఒక ఆఫీసులో పనిచేశాను. ఏ ఆఫీసో అనవసరం. పై కొండల్లో రోడ్డు పనికి దక్షిణ బీహార్ పల్లెల నుంచి క్యాజువల్ కూలీలు వచ్చేవాళ్ళు. పని జరిగే చోటు ఇంచుమించు ఆ యుంగ్‌ఫ్రౌ స్టేషనంత ఎత్తు ఉంటుంది. వాళ్ళ మస్టర్ రోళ్ళు నా టేబుల్ మీదికి వచ్చేవి. ఒక సీజనులో వచ్చిన రోళ్ళలో మొదటి ఐదు రోజులు అందరికీ కూలి ఉంది, పని మాత్రం లేదు. మధ్య ఎత్తులో ఒక క్యాంపులో ఊరికే కూర్చోబెట్టారు. నేను రాసిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. పనిచేయని దినములకు కూలి చెల్లింపునకు అనుమతి ఉత్తర్వు చూపవలెను, లేనిచో వసూలు చేయవలెను. అంతే, ఇంగ్లీషులో.

ఉత్తర్వు లేదు. సైనికులకైతే ఉంది. పైకి పంపేముందు ఫలానా ఎత్తుకు ఇన్ని రోజులు ఆగాలని వాళ్ళకు స్పష్టంగా ఉంటుంది. కూలీలకు వర్తించే ఉత్తర్వు ఆ బిల్లుతో జతపరచలేదు. అక్కడి సూపర్‌వైజరెవరో తెలిసినవాడు తన బుద్ధికొద్దీ చేసిన పని అది. డబ్బు వసూలైంది. మా ఆఫీసరు నన్ను మెచ్చుకున్నాడు. తరువాతి సీజను రోళ్ళలో ఖాళీ రోజులు లేవు. బస్సు దిగి నేరుగా పైకి.

ఆ సీజనులోనే ఒక నష్టపరిహారం కాగితం వచ్చింది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. పని మొదలైన మూడో రోజు రాత్రి ఊపిరాడక, నోట నురగ వచ్చి, తెల్లారేసరికి పోయాడు. జతపరచిన వాంగ్మూలాల్లో ఒకదానిలో కొండదేవతకు మేకను ఇవ్వకుండా బండ పేల్చారనీ, అమ్మకు కోపం వచ్చిందనీ ఉంది. అక్కడ రాయి నిలబెట్టి ఎర్ర గుడ్డ కట్టారని తరువాత విన్నాను. అప్పటికే నేను నాస్తికుణ్ణి. ఆ వాంగ్మూలం ఆఫీసులో చదివి వినిపించి నవ్వాను. మూఢనమ్మకం ప్రభుత్వ ఫైలుకెక్కిందని నలుగురికీ చెప్పాను. అదే అలమరలో కింది అరలో నా అబ్జెక్షన్ ఫైలు ఉంది. రెండూ కలిపి చూడాలని నాకు తోచలేదు.

ఈ మాట మొన్న మా సంఘంలో ఒక డాక్టర్ మిత్రుడికి విడిగా చెప్పాను. ఆయన తనకు తెలిసిన విధంగా నన్ను ఊరడించాడు. "ఐదు రోజులు ఆగినవాళ్ళకీ రావచ్చు, ఆగనివాళ్ళలో చాలామందికి రాకపోవచ్చు. పోస్ట్‌మార్టం రిపోర్టు చూశారా? ఛాతీలో ముందే ఇన్ఫెక్షన్ ఉందేమో. ఒక్క కేసు పట్టుకుని కారణం తేల్చడం మనం ఇతరుల్లో తప్పుపట్టే పనే కదా గురువుగారూ" అన్నాడు. ఆయన చెప్పింది సరైనదే. నా దగ్గర ఉన్నది ఒక్క కేసు. పోల్చడానికి రెండో గుంపు లేదు. నా సంతకం వల్లే ఆ కుర్రాడు పోయాడని నేను అనడం లేదు, అనే ఆధారం లేదు.

నేను అంటున్నది వేరే. 1969లోనే మన సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది భారత సైనికుల్లో ఈ ఎత్తు జబ్బును పరిశీలించి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. ప్రపంచమంతా దాన్ని చదివింది. ఆ సైనికుల లెక్కలు చూసే శాఖలోనే నేను ఉన్నాను. ఐదు రోజులు పని లేకుండా కూలి ఎందుకిచ్చారు అని నేను ఉత్తర్వు అడిగాను గానీ, ఆ ఐదు రోజులు దేనికి అని అడగలేదు. అదే మెమోలో ఒక వాక్యం, వైద్యాధికారి అభిప్రాయం జతచేయండి అని రాసి ఉంటే చాలు. దానికి నాకు అధికారం ఉంది. ఆ వాక్యం రాయడానికి అర నిమిషం. రాయకపోవడానికి కారణం నేను దుర్మార్గుణ్ణి కావడం కాదు. ఆ మస్టర్ రోల్లో నాకు కనిపించింది రోజుల కాలమ్, రేటు కాలమ్ మాత్రమే.

కొండదేవత కోపం అన్న వివరణ ఎంత హాయిగా ఉంటుందో కూడా అప్పుడే గమనించి ఉండాల్సింది. అది కాంట్రాక్టరుకు సరిపోయింది, క్యాంపు వాళ్ళకు సరిపోయింది, నాకూ సరిపోయింది. నేను దాన్ని చూసి నవ్వడానికి వాడుకున్నాను, అంతే తేడా.

మా డాక్టర్ మిత్రుడు చివరికి, అయితే ఇది రాయండి, కానీ క్షమాపణలా రాయకండి, జనం జాలిపడి వదిలేస్తారు అన్నాడు. ప్రయత్నించాను.

గుయర్ షరతుల్లో మొదటిది ఏమైందో చెప్పలేదు కదా. కంపెనీ లక్ష ఫ్రాంకుల బాధ్యత అంత తేలిగ్గా తీరలేదు. ఆయన పోయాక ఎన్నో ఏళ్ళు బేరసారాలు నడిచాయి. 1931లో ఆ కనుమ దగ్గర పరిశోధన కేంద్రం తెరిచారు. 1937లో పై రాతి కొన మీద స్ఫింక్స్ అనే అబ్జర్వేటరీ కట్టారు. విశ్వకిరణాల పరిశోధన అక్కడ చాలా జరిగింది. గాలిలో కలుస్తున్న వాయువులను దశాబ్దాలుగా కొలుస్తున్నారు. మా వాడు ఆ గుండ్రటి కప్పు ముందు నిలబడి ఫొటో దిగాడు. అది గుడి అనుకున్నాడట.

రైలు నూరేళ్ళ పండుగకు, 2012లో, అక్కడ కొండ లోపల ఒక కొత్త నడవా తెరిచారు. కట్టిన కూలీల జ్ఞాపకార్థం చేసిన ఏర్పాటు అందులో ఉంది. పోయిన ఆదివారం మా బావమరిది వస్తే అడిగాను, ఆ నడవాలో ఏమైనా ఫొటో తీశావా అని. ఫోన్ చాలాసేపు వెతికాడు. "ఉంది బావగారూ, ఒకటుంది" అని చూపించాడు. దీపాల వెలుగులో వాళ్ళావిడ నవ్వుతూ నిలబడి ఉంది. వెనక గోడ మీద ఏదో రాసి ఉంది. వేళ్ళతో పెద్దది చేసి చూశాం. అక్షరాలు చెదిరిపోయాయి.

"ఏముంది అక్కడ?" అన్నాడు.

చెప్పాను. మళ్ళీ ఫొటో తీసుకుని కాసేపు చూశాడు. "గైడు ఇది చెప్పలేదే" అన్నాడు.